నిండు బండికి నాలుగు వేళ్ళ ఎత్తు

ఈమధ్య సాయంత్రాలు సముద్రం వైపు నడవడానికి వెళ్తుంటే, పక్క వీధుల్లో ఎత్తు పెంచిన జీపులు నిలబడి కనిపిస్తాయి. చక్రాలు నా నడుము దాకా వస్తాయి. ఎక్కాలంటే నిచ్చెన కావాలి. లోపల ఒక్క కుర్రాడు, వాడి ఫోను. ఆ బండి ఏనాడూ బురద తొక్కిన పాపాన పోలేదని టైర్లు చూస్తేనే తెలుస్తుంది. వాళ్ళను తిట్టడానికి ఇది రాయడం లేదు. సరే, కొంచెం తిట్టడానికే రాస్తున్నాను. కానీ చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది.

నేను పని మానేయడానికి కొన్నాళ్ళ ముందు మా మెకానిక్ షెడ్డుకు ఒక పాత జీపు వచ్చింది. దాని డీజిల్ ట్యాంకు నేలకు మరీ దగ్గరగా వేలాడుతుండేది. దాన్ని పైకెత్తాలి. చెప్పుకుంటే అంతే పని. ఆ కాస్త పనికి మేము పడ్డ తిప్పలేమిటో, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు తెలుసుకుంటే మంచిదని నా ఆశ.

మా షెడ్డు కోసపాళయంలో, రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో ఉండేది. యజమానిది బజారులో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఆయన్ను అందరం ముదలాళి అనేవాళ్ళం. నేను మేస్త్రీని. నాతోపాటు ఆ షెడ్డులోనే తల నెరిసినవాడు మా వెల్డరు. అతనిది తమిళం, నాది ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. పని దగ్గర రెండూ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. పోట్లాట వస్తే మాత్రం ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకునేవాళ్ళం. అప్పుడే ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది. ఈ తమిళ ఊళ్ళో మా తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు మాటే గాని రాత రాదు. మా నాన్న చెవి మెలిపెట్టి నేర్పించబట్టి నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

జీపు తోలుకొచ్చినాయన అరియాంకుప్పం దాటి, ఏటి పక్క తోటల్లో కాపురముండే రైతు. కనకాంబరాలు పండిస్తాడు. ఆ బండి సందు తిరగకముందే దాని వాసన వచ్చింది. డీజిల్ వాసన, దానికి తోడు బట్టల సబ్బు వాసన. ట్యాంకు చీలినచోట సబ్బు అరగదీసి మెత్తితే కారడం కాసేపు ఆగుతుంది, అది పాత చిట్కానే. ఈ ట్యాంకు అడుగున మాత్రం సబ్బు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా నెట్టుకొస్తున్నావని అడిగాను. ఆయన తల గోక్కున్నాడు. జవాబు వెనక సీటులోంచి వచ్చింది.

"బట్టలుతికే సబ్బంతా దీనికే పోతాండాదన్నా. ఇంట్లో బట్టలు మాసిపోయి ఉండాయి, ట్యాంకు మాత్రం తళతళలాడతాండాది."

ఆయన భార్య. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. సీటు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. మోచేతి దగ్గర గుడ్డ పట్టీ వేసి ఉంది. మనిషి మాత్రం నవ్వుతూనే ఉంది.

ఆయన నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. ఆమెకు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి టౌను ఆస్పత్రికి తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. తోటల్లోంచి రోడ్డెక్కే బాటకు అడ్డంగా ఎప్పుడో నీళ్ళ పైపు వేశారు, దాని మీద సిమెంటు దిమ్మ పోశారు. ఎండాకాలమైతే పక్క పొలంలోంచి తిప్పుకొని వస్తారు. వాన పడితే పొలం చెరువైపోతుంది, దిమ్మ మీద నుంచి రావడమొక్కటే దారి. ఆటోలు దాని దరిదాపులకు రావు. జీపు ఎక్కుతుంది గాని ట్యాంకు రాసుకుంటుంది. పోయిన వానల్లో అక్కడే ట్యాంకు చీలి డీజిలంతా నీళ్ళపాలైంది. ఆమెకు ఒక విడత తప్పిపోయింది. రెండు రోజులకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నులక మంచం మీద పెట్టి నలుగురు మోసుకొస్తే బతికింది. ఇంకోసారి తప్పితే మేము చెప్పలేమని డాక్టర్లు అన్నారట.

ఈసారి వానలలోపు బండి బాగుపడకపోతే తోట ఎవరికైనా అప్పగించి, ఇంటికి తాళం వేసి, ఆస్పత్రి పక్కన గది చూసుకుంటానన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ ఆమె చెవులు పాము చెవులు.

"ఆ గదికి పోతే నాకు చేసేదానికి ఏముంటాదన్నా? సోమవారం కోసం, బేస్తవారం కోసం కాచుకోని కూసోవడమే. ఇంట్లో ఉంటే పూలన్నా కడతాను, మొగుణ్ణన్నా తిడతాను."

ముదలాళి వచ్చి జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దీన్ని పాత ఇనుముకు వేసి వేరే బండి కొనుక్కోమని చెప్పు అని నా చెవిలో ఊదాడు. ఏ కొత్త బండి ఆ దిమ్మను దాటుతుందో చెప్పమని అడిగాను. బజారులో పనుందని వెళ్ళిపోయాడు.

వెల్డరూ నేనూ ఒక ఆదివారం పోయి దిమ్మ కొలిచాం. షెడ్డులో టేపు లేక కాదు గాని, బండి కింద ఎత్తు చూడాలంటే మా కొలత ఇటుకే. ఇటుకను నిలువుగా నిలబెట్టి, పైన ఎన్ని వేళ్ళు పడతాయో చూస్తాం. దిమ్మ సరిగ్గా నిలువు ఇటుకంత ఉంది. దాని పైన నాలుగు వేళ్ళ సందు ఉంటే బండి ఊగినా, కింద రాయి పడినా తగలదు. ఆ నాలుగు వేళ్ళు సంపాదించాలి.

ట్యాంకు దించాం. పిల్లలూ, ఇక్కడొక్క మాట. పాత ట్యాంకు మీద మంట పెట్టేముందు కడిగి, నీళ్ళు నింపి, అప్పుడు పెట్టండి. ఖాళీ ట్యాంకును నమ్మవద్దు, దాని నిండా ఆవిరి ఉంటుంది. చీలిక అతికాం. ట్యాంకుకూ పైనున్న రేకుకూ మధ్య ఉన్న చెక్కలు పీకేసి, పట్టీలు కురచ చేసి, ఎంత పైకి పోతే అంత పైకి లాగి బిగించాం. వెల్డరు ఉత్సాహం పట్టలేక అడుగున ఒక మందపాటి గార్డు రేకు కూడా బిగించాడు. ఎంత మందమంటే, కష్టపడి సంపాదించిన ఎత్తులో ఒక వేలు అదే మింగేసింది. అయినా ఇటుక నిలబెడితే నాలుగు వేళ్ళూ దూరాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పెళ్ళికూతురిని సాగనంపినట్టు సాగనంపాం.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. వారం తిరగకుండా ఆయన మళ్ళీ వచ్చాడు. పొలంలో ఎవరో నీళ్ళు పెట్టుకుంటే దిమ్మ మీద నుంచి రావాల్సి వచ్చిందట. గార్డు రేకు లోపలికి సొట్టపడి ఉంది. ఇటుక పెట్టి చూశాను. నాలుగు వేళ్ళూ సుఖంగా దూరాయి. మళ్ళీ చూశాను. దిమ్మే పెరిగిందని వెల్డరు తేల్చేశాడు.

తర్వాతి సోమవారం పొద్దున ఇద్దరం బస్సెక్కి పోయి దిమ్మ దగ్గర నిలబడ్డాం. జీపు వచ్చింది. ముందు చక్రాలు కనిపించాయి కాబట్టి జీపు అనుకున్నాం. మిగతాదంతా మనుషులే. ముందు సీటులో ఆమె, ఆయన. వెనక ఒడిలో పూలబుట్టలు పెట్టుకుని ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. పాల క్యాన్లతో ఒకాయన వెనక మెట్టు మీద వేలాడుతున్నాడు. పైన అరటాకు కట్టలు. వెనక స్ప్రింగు పట్టీలు బరువుకు అణిగి తిరగబడి ఉన్నాయి. దిమ్మ మీదికి రాగానే కిందినుంచి బర్రుమని చప్పుడు. నా పళ్ళు జివ్వుమన్నాయి.

ఇంతమంది ఎక్కుతారని ముందే ఎందుకు చెప్పలేదని ఆయన్ను నిలదీశాను. నా ప్రశ్నే ఆయనకు వింతగా తోచింది. బండంటే ఎక్కేదానికే గదా అన్నాడు. ఆ తోటలకు బస్సు లేదు. ఆమె ఆస్పత్రికి పోయే రెండు రోజులే ఆ ఊరివాళ్ళకు సంతకు పోయే రోజులు. ఆమెకు జబ్బు చేసినప్పటి నుంచి ఊరికి బండి వచ్చినట్టయింది.

తప్పు మాదే. షెడ్డుకు వచ్చే బండి ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది. పాడైన బండి ఎవరెక్కుతారు? ఇన్నేళ్ళలో వేల బళ్ళ కింద పడుకున్నాను గాని, నిండు బండి కింద ఒక్కసారీ పడుకోలేదు. ఆ ఖాళీ బండిని కొలిచి, అదే బండి అనుకున్నాం.

వెల్డరు ఒక ఉపాయం చెప్పాడు. వానాకాలంలో మాత్రం దిమ్మ దగ్గర అందరూ దిగి, నడిచి దాటి, మళ్ళీ ఎక్కితే సరిపోతుంది కదా అని. అతను తమిళంలో చెప్పాడు, ఆమె తెలుగులోనే జవాబిచ్చింది.

"తొడల్లోతు నీళ్ళుంటాయి. తలకాయ మీద బుట్ట పెట్టుకోని, దిమ్మ యాడుండాదో కాలితో తడుముకుంటా వాళ్ళు నడవాల. నేను సీటులో కూసోని చూస్తా ఉండాల్నా? అట్టాంటి ఉపాయం నాకొద్దన్నా."

గట్టి స్ప్రింగులు వేద్దామంటే ఆ కుదుపు ఆమె ఒంటికి పనికిరాదు. ఇక ట్యాంకు సంగతే చూడాలి. పాతది లోతుగా బానలా ఉండేది. దాన్ని ఎంత పైకి లాగినా పొట్ట కిందికే. అదే కొలత డీజిల్ పట్టేట్టు వెడల్పుగా, పళ్ళెంలా, లోతు తక్కువగా కొత్త ట్యాంకు కట్టి చాసిస్ పట్టీల మధ్యకు పూర్తిగా ఎక్కించాలి. ఎక్కడ పెట్టాలన్న దాని మీద వెల్డరుకూ నాకూ రెండు భాషల్లోనూ పెద్ద రగడ జరిగింది. చివరికి అతను చెప్పిన చోటే పెట్టాం. నా చోటైతే వెనక చక్రాలను తిప్పే షాఫ్టుకు తగిలేదని తర్వాత తెలిసింది. ఆ మాట అతనితో నేను అనలేదు. అతను అననిచ్చే మనిషీ కాదు, రోజూ అతనే అనేవాడు.

పళ్ళెంలో నీళ్ళు మోసుకుపోయి చూడండి, ఎట్లా తొణుకుతాయో. అందుకని లోపల అడ్డరేకులు పెట్టాం. గార్డు రేకు ఈసారి పలచనిది, అంచులు మడిచి బలమిచ్చినది.

కొలత చూసే రోజు సందంతా పండగ. నిండు బండి కావాలని వెల్డరు వీధిలో నిలబడి కేకేశాడు. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి వచ్చాడు. ఇస్త్రీ చేసే ఆవిడ బొగ్గుల పెట్టె దించి వచ్చింది. ఎదురింటి ముసలాయన ఎక్కి కూర్చుని బండి ఎక్కడికి పోతోందని అడిగాడు. ఎక్కడికీ పోదంటే నిరాశపడ్డాడు గాని దిగలేదు. ఇంకా స్ప్రింగులు అణగలేదు. అప్పుడే బజారునుంచి ముదలాళి వచ్చాడు. ఏంది ఈ కూత్తు, ఈ వీధినాటకం అని అరుస్తుండగానే చెయ్యిపట్టి వెనక సీటులో కూర్చోబెట్టాం. స్ప్రింగు పట్టీ కిర్రుమని వంగింది. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న ముదలాళి బరువు మాకు అక్కరకొచ్చింది ఆ రోజే. నేను బండి కిందికి దూరి ఇటుక నిలబెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు వేళ్ళూ పోయాయి. కింద పడుకునే నవ్వుకున్నాను. ఎందుకో కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

అక్కడితో అయిందనుకుంటే పెట్రోలు బంకులో ఇంకో నవ్వులాట. ట్యాంకు పైకి పోయేసరికి డీజిల్ పోసే గొట్టం దాదాపు పడుకున్నట్టయింది. లోపలి గాలికి దారి లేక, పోసిన డీజిలంతా ఎదురు తన్ని బంకువాడి చొక్కా మీద పడింది. షెడ్డులో మేము పైమూత తీసి నేరుగా పోసుకున్నాం గనుక మాకు తెలియలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. గాలి పోవడానికి పక్కన సన్న గొట్టం పెట్టి ఆ రోగం కుదిర్చాం. బంకువాడు మాత్రం ఆ జీపును చూస్తే దూరంగా జరిగేవాడు.

వానలు వచ్చాయి. ఈశాన్యం వాన మా దగ్గర అడిగి రాదు, మొదలైతే ఆగదు. మూడు రోజులు ఏకధారగా కురిసి, గురువారం పొద్దునకు కాస్త తగ్గి తుంపరగా మారింది. షెడ్డులో చేతులు ఆడలేదు. పని చూసుకోమని ముదలాళి అరుస్తాడనుకుంటే, పోయి చూసి రాపోండి అని ఆయనే అన్నాడు.

దిమ్మ దగ్గర మోకాళ్ళ పైకి నీళ్ళు. జీపు వచ్చింది. అందులో ఆయన, ఆమె, ఇద్దరే. బుట్టలవాళ్ళంతా తోటల వైపు ఒడ్డున ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో వాళ్ళే అనుకున్నారట, ఈ ఒక్కరోజు బండిని తేలిగ్గా పోనిద్దామని. పోయినేడు ఆమె మంచాన్ని మోసిన భుజాలు అవి. ఆమె రమ్మంటుంది, వాళ్ళు నువ్వు పో తల్లీ అంటారు. ఈ రోజు పోని పూలు రేపు పెంటలోకే అని అందరికీ తెలుసు.

ఆమె చెయ్యి చాపి ఇంజన్ ఆపే పిడిని లాగేసింది. బండి ఆగిపోయింది. నీళ్ళు సైలెన్సరు అంచున ఆడుతున్నాయి. మళ్ళీ అంటుకోకపోతే ఈ పూట డయాలసిస్ లేదు. ఆమె ముఖం అప్పటికే ఉబ్బి ఉంది, ఊపిరి పైపైన ఆడుతోంది. ఆమె గొంతు పెంచలేదు.

"నేనొక్కదాన్నే పోతే ఇది జబ్బుమనిషి బండి. మీరంతా ఎక్కితే మన ఊరి బండి. జబ్బుమనిషి బండిలో నేను పోను. కూసోని ఉంటా."

ముందు ఒక ముసలామె నీళ్ళలోకి దిగి బుట్ట అందించింది. తర్వాత అందరూ ఎక్కారు. పాలాయన మెట్టు మీద తన చోటులో నిలబడ్డాడు. స్ప్రింగులు అణిగాయి. బండి నీళ్ళలోకి కుంగింది. వెల్డరు నా భుజం పట్టుకున్నాడు. అతని వేళ్ళు దిగిన గుర్తు సాయంత్రం దాకా ఉంది.

ఇంజన్ మొదటి తిప్పుకు దగ్గింది. రెండోదానికి అంటుకుంది. ఆపవద్దు, అదే ఊపులో పోనివ్వు అని నేను అరిచాను. ముందు చక్రాలు దిమ్మ ఎక్కాయి, దిగాయి. ఇక ట్యాంకు వంతు. చప్పుడు కోసం ఒంగి చెవి పెట్టాను. నీళ్ళ చప్పుడే. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. బండి నీళ్ళను చీల్చుకుంటూ రోడ్డు వైపు పోయింది. వెనకనుంచి చూస్తే పూలబుట్టలే కనిపించాయి. మేమిద్దరం ఆ నీళ్ళలో చాలాసేపు అట్లాగే నిలబడ్డాం. అరవయ్యేళ్ళ మగాళ్ళు ఇద్దరు ఏడుస్తున్నారో వానకు తడిశారో ఎవరికీ తెలియదు గనుక సిగ్గుపడలేదు.

సాయంత్రం తిరుగు దారిలో జీపు మా సందులో ఆగింది. ఆమె వెనక బల్ల మీద పడుకుని ఉంది. డయాలసిస్ అయిన రోజు ఆమెకు మాట పెగలదు. పక్కనున్న ఆడవాళ్ళ బుట్టలు ఖాళీగా ఉన్నాయి. వెల్డరూ నేనూ ఆ సందులోనే తడినేల మీద పడుకుని కిందికి దూరాం. గార్డు రేకు మీద గడ్డిపోచలు చిక్కుకుని ఉన్నాయి. గీత అన్నది లేదు. బయటికి వచ్చి ఎక్కడా తగల్లేదని చెప్పాను. ఆమె కళ్ళు తెరిచింది.

"తగల్లేదా అన్నా? అయితే సోమవారానికి ఇంకో ఇద్దర్ని ఎక్కించుకోవచ్చు."

ఆయన స్టీరింగు మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు. వెల్డరు మళ్ళీ గొంతుక్కూర్చుని, నాలుగు వేళ్ళు చాపి, బండి కిందికి తొంగిచూశాడు.